నిమ్మకాయ సాక్ష్యం

నేను చెప్పిన మాటలో పదింట ఎనిమిది వంతులు కోసేసి మిగిలినదే నమ్మాలని మా చిత్తూరులో ఒక లెక్క ఉంది. లెక్క కట్టింది మా ఆవిడ. పాటిస్తున్నది ఊరంతా. నేను పనిచేసే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గోడౌనులో ఒకసారి పామును చూసి, తాటిచెట్టంత ఉందని కేక పెట్టాను. వాచ్‌మన్ ఎనిమిది వంతులు కోసుకుని, వానపాము అయ్యుంటుందిలే అని చీపురు పట్టుకుని వచ్చాడు. తీరా చూస్తే పడగ విప్పిన నాగుపాము. ఆ రోజు నుంచీ వాచ్‌మన్ నాతో మాట్లాడడు. లెక్క మాత్రం మారలేదు.

ఇలాంటి వాడు ఒక ప్రమాదానికి ఏకైక సాక్షి అయితే ఏమవుతుంది? నేను అయ్యాను.

పడినవాడు నా స్నేహితుడు. నాకంటే పదేళ్లు చిన్న. మోటారు సైకిళ్ల సీట్లు కుట్టేవాడు. వాళ్ల తాత జట్కా బండ్లకు మెత్తలు కుట్టాడట. తండ్రి స్కూటర్ల సీట్లు కుట్టి ఇల్లు నిలబెట్టాడు. కొడుకు చేతికొచ్చాక ఆయన సూది దించి, ఐదు పూటల నమాజుకూ అంగడి అరుగుకూ మధ్య తిరుగుతూ కాలం గడుపుతుండేవాడు. మా పరిచయం కూడా సీటు దగ్గరే మొదలైంది. నా బండి సీటు నా బరువుకు బావిలా గుంట పడిపోతే తీసుకెళ్లాను. అతను సీటును చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ సీటును చూశాడు.

"అన్నా, దీనికి స్పాంజి సాలదు. పెండ్లి పరుపు యేయల్ల" అన్నాడు.

అంత మాట అన్నవాణ్ని వదులుకోవడం నా వల్ల కాలేదు. ఆదివారం వస్తే ఇద్దరం బండ్లు వేసుకుని తారు రోడ్డు కనబడని చోటికి పోయేవాళ్లం. చెరువు కట్టలు, ఏటి ఇసుక, గుట్టలు. మా వయసువాళ్లు మోకాళ్లకు నూనె రాసుకుంటుంటే, మేం మోకాళ్లు పగలగొట్టుకునే చోట్లు వెతుక్కుంటూ పూతలపట్టు మీదుగా తిరిగాం.

ఆ పిచ్చికి తోడు నేనొక కెమెరా కొన్నాను. అగ్గిపెట్టెకు అన్నయ్య లాంటిది. బండికో మనిషికో బిగిస్తే మనం పోయే దారంతా పట్టేస్తుందన్నారు. పట్టడం దాని వంతు, బిగించడం మన వంతు. ఆ బిగించడంలోనే ఉంది బ్రహ్మవిద్య. మొదట హ్యాండిలుకు బిగించాం. వీడియోలో చిత్తూరు జిల్లా మొత్తానికి మలేరియా వచ్చినట్టు కొండలూ చెట్లూ గజగజ వణికాయి. తర్వాత జిగురు బిళ్లతో హెల్మెట్‌కు అంటించాం. మా ఎండకు జిగురు నెయ్యిలా కరిగింది. కెమెరా ఎక్కడో జారిపోతే మేకల మంద మధ్యలో దొరికింది. అందులో ఒక మేక ముఖం ఎంత దగ్గరగా ఉందంటే, దాని పళ్లకు పిప్పి పట్టిన సంగతి కూడా మాకు తెలిసింది.

"అంటించే ముందర హెల్మెట్టును స్పిరిట్టుతో తుడవల్లంట అన్నా. నూనె జిడ్డు పోతే గట్టిగా పట్టుకుంటాదంట" అన్నాడు నా స్నేహితుడు.

ఆ ఆదివారం పొద్దున మందుల షాపులో చిన్న సీసా స్పిరిట్ కొని, నా హెల్మెట్‌ను పెళ్లికూతురి ముఖంలా తుడిచి, బిళ్ల అంటించాడు. మిగిలిన సీసాను చొక్కా జేబులో వేసుకున్నాడు. గుట్ట మీదికి పోయేసరికి బిళ్ల మళ్లీ ఊడింది. కెమెరాను నా జేబులో పెట్టుకున్నాను.

ఆ గుట్టకు అవతలి వైపు దిగుడంతా ఒకే పరుపుబండ. దాని మీద చల్లినట్టు గరుసు, సన్న గులకరాళ్లు. "నేను ముందు దిగుతా. నువ్వు సూసుకోని రా" అన్నాడు. సగం దూరం బాగానే దిగాడు. ముందు చక్రం గరుసు మీద జారింది. బండి పడింది, అతను పడ్డాడు, బండి అతని మీద పడింది.

ఇందులో నేనేమీ కలపలేదు.

తిరుపతిలో పెద్దాసుపత్రికి చేర్చాం. తండ్రి బస్సు దిగి వచ్చాడు. స్ట్రెచర్ మీద ఉన్న కొడుకు ముఖం దగ్గరికి వంగాడు. వంగినవాడు వంగినట్టే ఒక క్షణం ఆగిపోయి, నిటారుగా లేచాడు. జేబులో సీసా పగిలి చొక్కా అంతా స్పిరిట్ వాసన. ఆయన ఆ వాసనకు ఒకే పేరు పెట్టుకున్నాడు.

"పెద్దాయనా, అది సారాయి కాదు. కెమెరా అంటించేదానికి హెల్మెట్టు తుడిచే మందు" అన్నాను.

నా జన్మలో అంత నికార్సయిన నిజం చెప్పి ఉండను. అది నోట్లోంచి బయటకు వస్తుంటేనే, నా చెవులకే అబద్ధంలా వినబడింది.

"విన్నాను నాయనా" అని, ఆయన వెళ్లి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. డాక్టర్లను అడగలేదు. అడిగితే నలుగురి నోటా ఆ మాట బయట పడుతుందని భయం. కొడుకును అడగలేదు. అసలు ఆ రోజు తర్వాత కొడుకుతో మాట్లాడనే లేదు.

ఇంటికి తెచ్చాం. నడుము కింద నుంచి స్పర్శా కదలికా ఏమీ లేదు. ముందు గదిలో నీళ్ల పరుపు మీద పడుకోబెట్టారు. పడక పుండ్లు పడకుండా అతని భార్య ఇటూ అటూ తిప్పి, వీపుకు స్పిరిట్ రాసి పౌడరు వేస్తుంది. తండ్రి మళ్లీ సూది పట్టుకున్నాడు. చూపు ఆనని కళ్లతో అంగట్లో రెక్సిన్ కుట్టి, ఇంటికొచ్చి, ఆ గది తలుపు ముందు నుంచి లోపలికి చూడకుండా నడిచిపోయేవాడు. వీధిలో వాళ్లు ఇంకో మాట చేర్చారు: ఆదివారం పూట ఇద్దరు మగోళ్లు బండ్లు వేసుకుని గుట్టల్లోకి పోయేది జపం చేసుకునేదానికా? ఆ గుట్ట చూసొచ్చిన వాడొకడు, "ఆడ దిగుడేముండాది, మేకలు పొయ్యే దోవ" అని తండ్రి చెవిన వేశాడు. చదును నేల మీద తాగినోడు తప్ప ఎవరు పడతారు?

నేను గుట్టకు పోయి ఫోనుతో పక్క నుంచి ఫోటో తీసుకొచ్చాను. స్నేహితుడి భార్య దాన్ని మామగారికి చూపించింది.

"ఫోను వంచి తీసినాడు" అన్నాడట ఆయన. "ఆయప్ప ఫోనులో ఫోటో గూడా ఎచ్చులు చెప్తాది."

ఆ మాట ఆమె చెబుతుంటే నా స్నేహితుడు నవ్వాడు. నవ్వి, ఇంటికప్పు కేసి చూస్తూ అన్నాడు:

"కాళ్లు పోయినాయన్నా, సరే, అల్లా ఇచ్చినాడు, తీసుకున్నాడు. మా నాయనకు గుండె బాగాలేదు. నన్ను తాగుబోతనుకుంటానే ఆయన పోతే ఎట్లన్నా? మట్టి యేసేదానికి గూడా పోలేను నేను. ఈడ పండుకోని అదే అనుకుంటా ఉండల్ల."

నేనేదో హాస్యమాడాలని నోరు తెరిచాను. ఏమీ దొరక్క మూసుకున్నాను. నా జీవితంలో అరుదైన సంఘటన.

"కెమెరా పెట్టుకోని నువ్వు దిగు. వీడియోను ఎవురూ వంచలేరు" అన్నాడు.

నేను! గరుసు కనబడితే బండి దిగి తోసుకుపోయేవాణ్ని. కానీ ఆ ముఖం చూస్తూ కాదనడం ఆ దిగుడు దిగడం కంటే కష్టం.

ఈసారి జిగురును నమ్మదలచలేదు. కెమెరాను గుండెల మీద బిగించే పట్టీ అతనే కుట్టాడు, వెల్లకిలా పడుకుని, రెక్సిన్ ముక్కను తన ఛాతీ మీదే పరుచుకుని, చేతి సూదితో. లోపల సీటు స్పాంజి పెట్టాడు, అదురు తగలకుండా. భుజాల మీదుగా రెండు పట్టీలు, వీపున ఒక బకిలు. నన్ను మంచం పక్కన వంగి నిలబడమని కొలతలు తీశాడు.

"ఊపిరి పీల్చు. ఇంగా పీల్చు. అన్నా, పొట్టను లోపలికి లాగల్ల, దాన్ని పొంగించేది కాదు!"

"లాగిందే ఇది రా."

పట్టీ కట్టుకుని వీధిలో ఒక చుట్టు తిరిగి వచ్చాను. వీడియో పెడితే మొదట మొత్తం ఆకాశం. నా పొట్ట కెమెరాను అడుగు నుంచి ఎత్తి మబ్బులకు గురిపెట్టింది. చిత్తూరు మీద ఎగిరిన ప్రతి కాకీ అందులో ఉంది. కెమెరా వెనక పైభాగాన స్పాంజి ముక్క ఒకటి కుట్టి ముఖం కిందికి దించాడు. రెండోసారి దారి కనబడింది, హ్యాండిలు కనబడింది, దాని నడుమ వేలాడుతూ నిమ్మకాయ కూడా కనబడింది. స్నేహితుడు పడిన నాటి నుంచీ మా ఆవిడ అమావాస్య అమావాస్యకూ నా బండికి దారంతో నిమ్మకాయా మిరపకాయలూ కడుతోంది. అవి పెట్రోలు ట్యాంకు ముందు, సరిగ్గా చిత్రం మధ్యలో, ఊరి పెద్దలా కూర్చున్నాయి.

"దాన్ని పీకెయ్ అన్నా. మా నాయన దోవను సూస్తాడా, నిమ్మకాయను సూస్తాడా?"

విప్పి జేబులో వేసుకున్నాను. దిష్టి కూడా నాతోపాటు జేబులో ప్రయాణించింది.

గుట్ట దిగాను. ఎలా దిగానో వర్ణిస్తే ఎనిమిది వంతులు కోస్తారు కాబట్టి నేనే కోసి రెండు వంతులు చెబుతాను: దేవుళ్లందరినీ పిలిచాను, కొందరిని రెండేసి సార్లు.

ఆ సాయంత్రం వీడియోను టీవీకి కలిపాం. కోడలు వెళ్లి బతిమాలితే పెద్దాయన వచ్చాడు. గది లోపలికి రాలేదు. గడపకు అవతల, చేత్తో తలుపు పట్టుకుని నిలబడ్డాడు. వీడియో మొదలైంది. గుట్ట వచ్చింది. బండ వచ్చింది.

టీవీలో దిగుడే లేదు. చాప పరిచినట్టు చదునైన దారి. దాని మీద కనబడని ఒక లావాటాయన గొంతు, ముక్కుతూ, దేవుళ్లను కేకలేస్తూ, పెళ్లి ఊరేగింపులా మెల్లగా పోతోంది. ఆ కెమెరా కన్ను చాలా వెడల్పు. అటూ ఇటూ ఉన్నదంతా మింగాలనే ఆశలో ఎత్తుపల్లాలన్నిటినీ దోసెలా పరిచేస్తుంది. నేను ఎలకను ఏనుగు చేస్తాను. అది ఏనుగును ఎలక చేసింది. లోకంలో ఇన్ని కెమెరాలుంటే నాకు తగిన జోడీ నాకే దొరికింది.

"ఇదేనా?" అన్నాడు పెద్దాయన. నా వైపు గానీ కొడుకు వైపు గానీ చూడలేదు. "ఈడ బర్రెగొడ్డు గూడా పడదు." వెళ్లిపోయాడు.

నా స్నేహితుడు గోడవైపు తిరగాలనుకున్నాడు. ముఖం తిరిగింది. మిగతా మనిషి తిరగలేదు.

చాలా రోజులు నేను ఆ ఇంటికి పోలేదు. పోయిన రోజు, గదిలో అడుగు పెట్టీ పెట్టకముందే అతను అరిచాడు:

"అన్నా! నువ్వు ఆ పొద్దు కెమెరా ఆఫ్ చేయలేదు!"

నిజమే. గుట్ట దిగిన సంతోషంలో మరిచాను. వేరే పనేమీ లేని మనిషి ఆ వీడియోను చివరి దాకా చూశాడు, మళ్లీ మళ్లీ చూశాడు. తిరుగు దారిలో ఆపిన టీ అంగడి, నేను ఒకటి తిన్నానని మా ఆవిడకు చెప్పిన బజ్జీలు గుట్టగా ఉన్న పళ్లెం, అన్నీ ఉన్నాయట. మా వీధి మలుపులో ఆగి, మా ఆవిడ చూస్తుందని జేబులోంచి నిమ్మకాయ తీసి మళ్లీ కట్టాను. అదీ ఉంది. తర్వాత, ఇంట్లో ముఖం చూపించి స్నేహితుడింటికి బయలుదేరినప్పుడు నేను దిగిన ర్యాంపు, మా ఇంటి పక్క సందులోంచి రోడ్డు మీదికి దించే సిమెంటుది.

"ఇది సూడు" అని అక్కడ ఆపాడు. టీవీలో ర్యాంపు చదునుగానే ఉంది. కానీ నిమ్మకాయ ట్యాంకు ముందర లేదు. దారంతో సహా ముందుకు జరిగి మీటరు దగ్గరికి పోయి ఉంది.

"మీ ఇంటి ర్యాంపుకే నిమ్మకాయ ఇంత దూరం పోయిందే, గుట్ట మీద యాడికి పోతాది? మళ్లీ దిగల్లన్నా. నిమ్మకాయతో. సగంలో బండి నిలబెట్టల్ల, నేను పడిన తావులోనే. బ్రేకు పట్టుకోని, అది ఊగేది నిలిచిపొయ్యేదాకా నిలబడల్ల. ఊగతా ఉంటే మా నాయన గాలికనుకుంటాడు."

"నిలబెట్టల్లనా! కదలతా ఉంటేనే నాకు ప్రాణం నిలబడలేదు!"

"గమ్మున ఉండన్నా. నువ్వు పడితే నా పక్కన ఇంకో మంచం యేయిస్తా."

ఇద్దరం నవ్వాం. వంటింట్లోంచి అతని భార్య వచ్చి మా ఇద్దరినీ చూసి, మళ్లీ లోపలికి పోయింది.

రెండోసారి గుట్ట మీదికి పోయినప్పుడు దేవుళ్లను పిలవలేదు. మొన్న అంతమందిని పిలిచి చదును నేల మీద నడిపించానని వాళ్లకు కోపం వచ్చి ఉంటుంది. బండ అంచున ముందు చక్రం దిగగానే నిమ్మకాయ ట్యాంకును వదిలింది. మీటరు దాటింది. అతను పడిన చోట బండ మీద ఇంకా తెల్లటి గీత ఉంది, బండి ఇనుము గీసుకుపోయిన గీత. అక్కడ రెండు బ్రేకులూ పట్టి, రెండు కాళ్లూ ఆనించి నిలబడ్డాను. చక్రాల కింద గరుసు కరకరమంటోంది. నిమ్మకాయ ఊగి, ఊగి, పోయి పోయి హెడ్‌లైటు వెనక రేకుకు తగిలి, అక్కడే ఆనుకుని ఆగిపోయింది. దాన్నే చూస్తూ నిలబడ్డాను. నా జీవితంలో ఏ పండునూ అంత గౌరవంగా చూడలేదు.

ఈసారి పెద్దాయనను కోడలు పిలవలేదు. ఆయన సాయంత్రం అసరు నమాజు ముగించి ఇంట్లోకి వస్తుంటే, గదిలోంచి నా స్నేహితుడే పిలిచాడు. "నాయనా" అన్నాడు. అంతే. పెద్దాయన గడప దగ్గర ఆగాడు.

వీడియో నడిచింది. చదునైన దారి. చదునైన బండ. ట్యాంకు ముందర నిమ్మకాయ. అది కదిలింది, ముందుకు పోయింది, హెడ్‌లైటును ఆనుకుని ఆగింది. దాని వెనక నేల ఇంకా చాపలాగే ఉంది.

"అదెందుకు అట్ల ముందుకు పోయింది?" అన్నాడు పెద్దాయన. ఎవరినీ చూసి కాదు, టీవీని చూసి.

"అది యాడికీ పోలేదు నాయనా" అన్నాడు కొడుకు. "అది నిలువుగానే ఉండాది. దిగుడుకు బండి వంగింది."

పెద్దాయన గడప దాటి లోపలికి వచ్చాడు. టీవీ ముందు నిలబడి, అరచేతిని చదునుగా గాల్లో పెట్టాడు. దారం కేసి చూస్తూ, ఆ చేతిని ముందుకు కొంచెం వంచాడు. ఇంకా వంచాడు. ఆ చెయ్యి వంగుతూ వంగుతూ, దిగుడెంతో అంత దగ్గర ఆగింది.

"ఇంత దిగుడని తెలిసే దిగినావా?"

"తెలిసే దిగినా."

"తెలివితోనే ఉంటివా?"

"తెలివితోనే ఉంటిని నాయనా."

పెద్దాయన మంచం అంచున కూర్చున్నాడు.

"తాగి పడినావనుకోని ఇన్నాళ్లూ సారాయిని తిట్టుకుంటా ఉండినా" అన్నాడు. "ఇప్పుడు ఎవుర్ని తిట్టుకునేది?"

టీవీలో నిమ్మకాయ రేకును ఆనుకుని అలాగే ఉంది. ఆయన తల తిప్పి మొదటిసారి నన్ను చూశాడు.

"నువ్వు ఆడనే ఉంటివి గదా. పడినాక వీడు ఏమన్నాడు?"

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా.

"బండి ఆఫ్ చెయ్ అన్నా, అన్నాడు. ఆఫ్ చేసినాను. తర్వాత, బండి నా కాళ్ల మీద ఉండాదా అని అడిగినాడు."

"ఉండిందా?"

"ఉండింది."

పెద్దాయన అందులోంచి ఏమీ కోయలేదు. నమ్మాడు. ఇన్నేళ్లలో నా మాటను మొత్తంగా నమ్మిన మనిషి ఆయనొక్కడే. నమ్మకుండా ఉంటే బాగుండునని నాకనిపించింది.

కోడలు పౌడరు డబ్బా, దూది పట్టుకుని వచ్చింది, తిప్పే వేళయిందని. మామగారు మంచం మీద ఉండడం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆయన లేచి తలగడ వైపు పోయాడు.

"నువ్వు ఆ పక్క నడుము పట్టుకో నాయనా" అన్నాడు నాతో.

ఇద్దరం కలిసి అతన్ని పక్కకు తిప్పాం. కోడలి చేతిలోంచి స్పిరిట్ సీసా తీసుకుని, మూత తీసి, ఒకసారి వాసన చూశాడు పెద్దాయన. చాలాసేపు మూతను వేళ్ల మధ్యే పట్టుకున్నాడు. తర్వాత అరచేతిలో పోసుకుని కొడుకు మెడ కింద నుంచి రాయడం మొదలుపెట్టాడు.

"సల్లగా ఉండాది" అన్నాడు కొడుకు, గోడకు ముఖం పెట్టి.

చెయ్యి కిందికి దిగింది. వీపు మధ్యకు, నడుముకు, ఇంకా కిందికి.

"ఈడ?"

కొడుక్కి ఆయన చెయ్యి ఎక్కడుందో తెలియలేదు.

"యాడ నాయనా?" అన్నాడు.

పెద్దాయన రాస్తూనే ఉన్నాడు.